అమెరికా రాష్ట్రాలలో నిర్బంధ వాహన బీమా: చట్టం కోరే కనీసం, బాధితునికి అందే పరిహారం

వ్యాససంగ్రహం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కారు నడిపే వ్యక్తికి ఎంత బీమా ఉండాలో నిర్ణయించేది కేంద్ర ప్రభుత్వం కాదు, ఆయా రాష్ట్రాల శాసనసభలు. అందువల్ల ఒకే రకమైన ప్రమాదంలో ఒకే రకమైన గాయానికి లభించే పరిహారం రాష్ట్ర సరిహద్దును బట్టి మారుతుంది. ఈ నిబంధనలు ఏర్పడిన చారిత్రక క్రమాన్ని, కనీస పరిమితుల అర్థాన్ని, తప్పుతో నిమిత్తం లేని పరిహార విధానాన్ని, బీమా లేని డ్రైవర్ల సమస్యను ఈ వ్యాసం వివరిస్తుంది. చట్టాన్ని పాటించడం, రక్షణ కలిగి ఉండటం ఒకటి కావని, డాలర్లలో స్థిరపరచిన కనీస పరిమితి కాలక్రమంలో విలువ కోల్పోయి బాధితునిపై భారంగా మారుతుందని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం. చివర భారతదేశ మోటారు వాహనాల చట్టంతో సంక్షిప్తమైన పోలిక ఉంటుంది.

కీలక పదాలు: నిర్బంధ బీమా, బాధ్యతా బీమా, కనీస పరిమితి, థర్డ్ పార్టీ, నో ఫాల్ట్ విధానం, బీమా లేని డ్రైవర్, పరిహారం.

1. ప్రవేశిక

వాహన బీమా అనగానే సామాన్యంగా మనసులో మెదిలేది సొంత కారుకు రక్షణ. కాని చట్టం నిర్బంధించే బీమా స్వభావం వేరు. అది ప్రధానంగా డ్రైవరు కోసం ఉద్దేశించినది కాదు; అతని వల్ల నష్టపోయే అపరిచితుని కోసం ఉద్దేశించినది. ప్రమాదానికి కారకుడైన వ్యక్తి వద్ద పరిహారం చెల్లించే స్తోమత లేకపోతే న్యాయస్థానం ఇచ్చిన తీర్పు కాగితానికే పరిమితమవుతుంది. ఆ స్థితి రాకుండా ముందుగానే ఒక హామీని సమకూర్చడమే నిర్బంధ బీమా చట్టాల మౌలిక లక్ష్యం.

కాబట్టి ఈ చట్టాలను పరిశీలించేటప్పుడు అడగవలసిన ప్రశ్న ‘డ్రైవరు ఏ పాలసీ తీసుకోవాలి?’ అన్నది మాత్రమే కాదు. ‘గాయపడిన మనిషికి చివరికి ఎంత చేరుతుంది?’ అన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. టెక్సస్, కాలిఫోర్నియా, న్యూ జెర్సీ, నార్త్ కరోలినా వంటి రాష్ట్రాలలో గణనీయ సంఖ్యలో తెలుగువారు స్థిరపడిన ఈ కాలంలో ఇది తెలుగు పాఠకులకు దూరదేశపు విషయంగా మిగలలేదు. అక్కడ చదువుకొనే విద్యార్థి, ఉద్యోగి, పిల్లలను చూడటానికి వెళ్ళే తల్లిదండ్రులు అందరూ ఈ చట్టాల పరిధిలోకి వచ్చేవారే.

2. బీమాపై రాష్ట్రాల అధికారం

అమెరికాలో బీమా నియంత్రణ రాష్ట్రాల చేతిలో ఉండటానికి న్యాయచరిత్రలో కారణాలున్నాయి. 1869లో పాల్ వర్సెస్ వర్జీనియా కేసులో సుప్రీంకోర్టు బీమా పాలసీ జారీ చేయడం అంతర్రాష్ట్ర వాణిజ్యం కాదని తీర్పు చెప్పింది. ఫలితంగా కేంద్ర ప్రభుత్వానికి వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం ఉన్నా బీమా దాని వెలుపల నిలిచిపోయింది. 1944లో సౌత్ ఈస్టర్న్ అండర్‌రైటర్స్ కేసులో అదే న్యాయస్థానం ఈ అభిప్రాయాన్ని మార్చుకొని, బీమా కూడా అంతర్రాష్ట్ర వాణిజ్యమేనని ప్రకటించింది. అయితే మరుసటి సంవత్సరమే, అంటే 1945లో, కాంగ్రెస్ మెక్కారన్-ఫెర్గూసన్ చట్టాన్ని ఆమోదించి బీమా నియంత్రణను తిరిగి రాష్ట్రాలకే అప్పగించింది.

ఈ చట్టం కారణంగానే నేటికీ అమెరికా అంతటికీ వర్తించే ఒకే కనీస వాహన బీమా లేదు. ప్రతి రాష్ట్రానికీ తనదైన బీమా శాఖ, తనదైన పరిమితులు, తనదైన శిక్షలు ఉన్నాయి. ఈ వైవిధ్యాన్ని కొందరు శాసన ప్రయోగశాలగా ప్రశంసిస్తారు. ప్రమాద బాధితుని వైపు నుంచి చూస్తే మాత్రం ఇది అసమానతకు మూలం.

3. నిర్బంధ బీమా చట్టాల ఆవిర్భావం

1920ల నాటికి అమెరికా రోడ్లపై కార్లు విస్తారంగా పెరిగాయి. వాటితో పాటు ప్రమాదాలు, వసూలు కాని తీర్పులు కూడా పెరిగాయి. ఈ సమస్యకు రెండు పొరుగు రాష్ట్రాలు 1925లో రెండు భిన్నమైన పరిష్కారాలు సూచించాయి.

మొదటిది కనెక్టికట్ మార్గం. ఇక్కడ చట్టం అందరినీ ముందుగా బీమా కొనమని నిర్బంధించలేదు. ప్రమాదానికి లేదా తీవ్రమైన ట్రాఫిక్ నేరానికి కారకుడైన వ్యక్తి ఆ తర్వాత తన ఆర్థిక స్తోమతను నిరూపించుకోవాలని మాత్రమే కోరింది. దీనిని ఆర్థిక బాధ్యతా చట్టం అంటారు. ఇందులోని లోపం స్పష్టమే. మొదటి ప్రమాదంలో గాయపడిన వ్యక్తికి ఈ చట్టం వల్ల ప్రయోజనం అంతంత మాత్రమే; అది రెండవ బాధితుని గురించి ఆలోచించే చట్టం.

రెండవది మసాచుసెట్స్ మార్గం. 1925లో ఆమోదం పొంది 1927 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టం, బీమా లేనిదే కారుకు రిజిస్ట్రేషన్ లేదని శాసించింది. ఒక వ్యక్తి గాయానికి 5,000 డాలర్లు, ఒక ప్రమాదానికి మొత్తం 10,000 డాలర్లు కనీస పరిమితిగా నిర్ణయించింది. బీమా పరిశ్రమ ఈ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించింది. కొనుగోలు నిర్బంధమైతే ధరను కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తుందని కంపెనీలు భయపడ్డాయి. ఆ భయం నిరాధారమైనది కాదు. మసాచుసెట్స్‌లో వాహన బీమా ధరలపై ప్రభుత్వ నిర్ణయాధికారం దశాబ్దాల పాటు కొనసాగి, 2008లో గాని పోటీ ధరల విధానానికి చోటివ్వలేదు.

ఈ వ్యతిరేకత వల్లనే దాదాపు మూడు దశాబ్దాల పాటు మరే రాష్ట్రమూ మసాచుసెట్స్‌ను అనుసరించలేదు. 1956లో న్యూయార్క్, 1957లో నార్త్ కరోలినా నిర్బంధ బీమా చట్టాలు చేశాయి. 1970ల నుంచి మిగిలిన రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి ఈ దారిలోకి వచ్చాయి. కనెక్టికట్ మార్గపు ఛాయలు మాత్రం పూర్తిగా తొలగలేదు. తీవ్ర నేరాలు చేసిన డ్రైవర్లు తమకు బీమా ఉందని కంపెనీ ద్వారా రాష్ట్రానికి ధ్రువపత్రం సమర్పించే పద్ధతి నేటికీ ఉంది. ఎస్.ఆర్.-22 అని పిలిచే ఈ పత్రం దానంతట అది బీమా పాలసీ కాదు. పాలసీ అమలులో ఉందని కంపెనీ ఇచ్చే హామీ మాత్రమే.

4. కనీస పరిమితి: మూడు సంఖ్యల అర్థం

రాష్ట్రాల నిబంధనలను సాధారణంగా మూడు సంఖ్యలలో చెబుతారు. టెక్సస్ నిబంధన 30/60/25. ఇవి వేల డాలర్లు. మొదటి సంఖ్య గాయపడిన ఒక్కొక్క వ్యక్తికి చెల్లించే గరిష్ఠ మొత్తం. రెండవది ఒక ప్రమాదంలో గాయపడిన వారందరికీ కలిపి చెల్లించే గరిష్ఠ మొత్తం. మూడవది ఇతరుల ఆస్తికి జరిగిన నష్టానికి చెల్లించే గరిష్ఠ మొత్తం. చట్టం వీటిని ‘కనీసం’ అంటుంది. పాలసీలో మాత్రం ఇవే సంఖ్యలు ‘గరిష్ఠం’గా పనిచేస్తాయి. డ్రైవరు కొనవలసిన కనీసమే బాధితునికి దొరికే గరిష్ఠం కావడం ఈ వ్యవస్థలోని కీలకాంశం.

దీనిని ఒక ఊహాత్మక ఉదాహరణతో పరిశీలించవచ్చు. టెక్సస్‌లో కనీస పాలసీ మాత్రమే ఉన్న డ్రైవరు ముందు వెళ్తున్న కారును ఢీకొట్టాడనుకుందాం. ఆ కారులోని ముగ్గురూ గాయపడ్డారు. ఒక్కొక్కరి నష్టం 40,000 డాలర్లు. వ్యక్తి పరిమితి ప్రకారం ఒక్కొక్కరికి 30,000 వరకు రావాలి. కాని ప్రమాద పరిమితి 60,000 కాబట్టి ముగ్గురికీ కలిపి అంతకు మించి రాదు. మొత్తం నష్టం 1,20,000 డాలర్లు కాగా అందేది సగమే. ధ్వంసమైన కారు విలువ 40,000 డాలర్లయితే దానికి కంపెనీ చెల్లించేది 25,000.

మిగిలిన మొత్తానికి డ్రైవరు స్వయంగా బాధ్యుడే. న్యాయస్థానం అతనిపై తీర్పు ఇవ్వవచ్చు. అయితే టెక్సస్ రాజ్యాంగం సాధారణ అప్పుల కోసం ఉద్యోగి జీతాన్ని జప్తు చేయనివ్వదు. నివాస గృహానికి కూడా విస్తృతమైన రక్షణ కల్పిస్తుంది. అప్పులవారి నుంచి కుటుంబాన్ని కాపాడటానికి ఏర్పడిన ఈ రక్షణే ప్రమాద బాధితుని ఎదుట అడ్డుగోడగా నిలుస్తుంది. ఆచరణలో చాలా సందర్భాలలో పాలసీ పరిమితి ఎక్కడ ముగుస్తుందో పరిహారం కూడా అక్కడే ముగుస్తుంది.

ఇక్కడ మరొక విషయం గుర్తించాలి. టెక్సస్ చట్టం నిర్బంధించే బీమా ఇతరుల నష్టానికే వర్తిస్తుంది. తన తప్పువల్ల తన కారుకు జరిగిన నష్టం దాని పరిధిలోకి రాదు. కారును అప్పుపై కొన్నప్పుడు సొంత కారుకు కూడా బీమా తీసుకోవాలని అడిగేది అప్పిచ్చిన సంస్థే గాని రాష్ట్రం కాదు.

5. తప్పుతో నిమిత్తం లేని పరిహారం

పై విధానంలో పరిహారం రావాలంటే ఎదుటివారి తప్పును నిరూపించాలి. దానికి కాలం, న్యాయవాది ఖర్చు, సాక్ష్యం అవసరం. ఈ ఇబ్బందిని గుర్తించి 1932లోనే కొలంబియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని అధ్యయన సంఘం, కార్మికుల నష్టపరిహార చట్టాల నమూనాలో, తప్పుతో నిమిత్తం లేని పరిహారాన్ని సూచించింది. 1965లో రాబర్ట్ కీటన్, జెఫ్రీ ఓకొనెల్ అనే న్యాయశాస్త్ర ఆచార్యులు ‘బేసిక్ ప్రొటెక్షన్ ఫర్ ది ట్రాఫిక్ విక్టిమ్’ అనే గ్రంథంలో దీనికి ఒక సమగ్ర రూపం ఇచ్చారు. ప్రతి వ్యక్తీ తన వైద్య ఖర్చును, వేతన నష్టాన్ని ముందుగా తన సొంత బీమా నుంచే పొందాలి. అందుకు ప్రతిగా చిన్న గాయాలకు దావా వేసే హక్కు పరిమితం కావాలి. ఈ ప్రతిపాదన సారం ఇదే. 1971 జనవరి 1 నుంచి మసాచుసెట్స్ దీనిని అమలులోకి తెచ్చింది. నేడు ఫ్లోరిడా, మిషిగన్, న్యూయార్క్, న్యూ జెర్సీ, పెన్సిల్వేనియాలతో కలిపి 12 రాష్ట్రాలను ‘నో ఫాల్ట్’ రాష్ట్రాలుగా పరిగణిస్తారు. వీటిలో పెన్సిల్వేనియా, న్యూ జెర్సీ, కెంటకీలలో దావా హక్కును పూర్తిగా ఉంచుకోవాలా, పరిమితం చేసుకోవాలా అన్నది పాలసీదారు ఎంపికకు వదిలిపెట్టారు.

ఒకే పేరుతో పిలిచే ఈ విధానం రాష్ట్రాన్ని బట్టి ఎంతగా మారుతుందో ఫ్లోరిడా, న్యూయార్క్, మిషిగన్‌లు చూపుతాయి.

ఫ్లోరిడాలో డ్రైవరు 10,000 డాలర్ల వ్యక్తిగత గాయ రక్షణ, 10,000 డాలర్ల ఆస్తి నష్ట బాధ్యత కలిగి ఉండాలి. ఎదుటి వ్యక్తికి కలిగించే శారీరక గాయానికి బాధ్యతా బీమాను సాధారణ డ్రైవర్ల నుంచి చట్టం ముందుగా కోరదు. వ్యక్తిగత గాయ రక్షణ కింద వైద్య ఖర్చులో 80 శాతం, వేతన నష్టంలో 60 శాతం లభిస్తుంది. ప్రమాదం జరిగిన 14 రోజులలోపు చికిత్స మొదలుపెట్టకపోతే వైద్య ప్రయోజనం దక్కదు. అత్యవసర వైద్య స్థితి లేదని నిర్ధారణ అయితే ఆ మొత్తం 2,500 డాలర్లకు పరిమితమవుతుంది. ఈ విధానాన్ని రద్దు చేసి గాయ బాధ్యతా బీమాను నిర్బంధం చేసే బిల్లును 2021లో శాసనసభ ఆమోదించగా గవర్నరు తిరస్కరించారు.

న్యూయార్క్‌లో వ్యక్తిగత గాయ రక్షణ 50,000 డాలర్లు. దీనితోపాటు శారీరక గాయ బాధ్యత కూడా నిర్బంధమే. బాధకు, వేదనకు దావా వేయాలంటే చట్టం నిర్వచించిన ‘తీవ్ర గాయం’ ఉండాలి.

మిషిగన్ చరిత్ర అన్నింటికంటె విశిష్టమైనది. దాదాపు అర్ధశతాబ్దం పాటు అక్కడ ప్రతి పాలసీలోనూ ప్రమాద బాధితుని వైద్య ఖర్చుకు పరిమితి లేని జీవితకాల రక్షణ తప్పనిసరిగా ఉండేది. వెన్నుపాము, మెదడు దెబ్బతిన్నవారికి దశాబ్దాల తరబడి ఇంటివద్ద సేవ లభించడానికి ఇదే ఆధారం. అయితే మిషిగన్ ప్రీమియం దేశంలోనే అత్యధిక స్థాయికి చేరింది. 2019లో చేసిన సంస్కరణ ప్రకారం 2020 జులై నుంచి పాలసీదారులు పరిమితి లేని రక్షణతో పాటు 5,00,000, 2,50,000 డాలర్ల స్థాయిలను ఎంచుకోవచ్చు. మెడికెయిడ్ లబ్ధిదారులకు 50,000 డాలర్ల స్థాయి కూడా ఉంది. రక్షణ, ధర అనే రెండింటి మధ్య ఘర్షణకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

6. బీమా లేని డ్రైవర్లు: చట్టానికి, వాస్తవానికి మధ్య దూరం

నిర్బంధం ఉన్నంత మాత్రాన అందరికీ బీమా ఉండదు. ఇన్సూరెన్స్ రీసెర్చ్ కౌన్సిల్ అంచనాల ప్రకారం ఇటీవలి సంవత్సరాలలో అమెరికాలో సుమారు ఏడుగురు డ్రైవర్లలో ఒకరు బీమా లేకుండా కారు నడుపుతున్నారు. రాష్ట్రాలు ఈ సమస్యను మూడు మార్గాలలో ఎదుర్కొంటున్నాయి.

మొదటిది నిఘా, శిక్ష. టెక్సస్ 2008లో ప్రారంభించిన టెక్సస్‌ష్యూర్ వంటి వ్యవస్థలు కంపెనీల సమాచారాన్ని రిజిస్ట్రేషన్ వివరాలతో సరిపోలుస్తాయి. జరిమానా, లైసెన్సు నిలిపివేత, వాహన స్వాధీనం వంటి చర్యలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. అయితే లైసెన్సు నిలిపివేత అధికారానికి న్యాయపరమైన హద్దు ఉంది. 1971 నాటి బెల్ వర్సెస్ బర్సన్ కేసు ఇందుకు ప్రమాణం. జార్జియాలో మూడు పల్లె సమాజాలకు కారులో తిరుగుతూ సేవ చేసే ఒక మతబోధకుని కారుకు సైకిల్‌పై వస్తున్న ఐదేళ్ళ బాలిక తగిలి గాయపడింది. అతనికి బీమా లేదు. తప్పెవరిదో విచారించకుండానే 5,000 డాలర్ల హామీ చెల్లించాలని, లేకపోతే లైసెన్సు నిలిపివేస్తామని రాష్ట్రం ఆదేశించింది. జీవనోపాధికి అవసరమైన లైసెన్సును, బాధ్యత ఉండే అవకాశాన్నైనా విచారించకుండా తీసివేయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రజా రవాణా తక్కువగా ఉన్న దేశంలో కారు విలాసం కాదని, అది ఉపాధిలో భాగమని గుర్తించిన తీర్పుగా దీనికి ప్రాముఖ్యం ఉంది.

రెండవది హక్కుల కోత. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన 213వ ప్రతిపాదన ప్రకారం, బీమా లేకుండా సొంత కారు నడిపే వ్యక్తి, ప్రమాదంలో ఎదుటివారిదే తప్పయినా, సాధారణంగా బాధకు, వేదనకు పరిహారం కోరలేడు. వైద్య ఖర్చు, వేతన నష్టం మాత్రమే కోరగలడు. నిధికి వాటా ఇవ్వనివాడు దాని నుంచి పూర్తి ప్రయోజనం పొందరాదన్న వాదన దీని వెనుక ఉంది. ప్రీమియం కట్టలేని పేదవారిపైనే ఈ శిక్ష ఎక్కువగా పడుతుందన్నది దీనికి ప్రతివాదన.

మూడవది బాధితుడే తన కోసం బీమా కొనుక్కోవడం. ఢీకొట్టిన వ్యక్తికి బీమా లేకపోయినా, ఉన్నది చాలకపోయినా, బాధితుని సొంత పాలసీయే పరిహారం ఇచ్చే రక్షణ ఇది. సుమారు 20 రాష్ట్రాలు బీమా లేని డ్రైవర్ల నుంచి రక్షణను తప్పనిసరి చేశాయి. టెక్సస్ వంటి రాష్ట్రాలలో కంపెనీ దీనిని పాలసీదారుకు తప్పక ప్రతిపాదించాలి. వద్దనుకుంటే ఆ నిరాకరణ లిఖితపూర్వకంగా ఉండాలి. దరఖాస్తులో చదవకుండా పెట్టే ఒక్క సంతకం ఈ రక్షణను తొలగించగలదు.

నిర్బంధ బీమా లేని రాష్ట్రంగా నేడు ప్రసిద్ధమైనది న్యూ హ్యాంప్‌షైర్. అక్కడ ప్రమాదం జరిగాక ఆర్థిక స్తోమతను చూపాలన్న పాత కనెక్టికట్ తర్కమే కొనసాగుతున్నది. వర్జీనియాలో 500 డాలర్ల రుసుము చెల్లించి బీమా లేకుండానే కారును రిజిస్టరు చేసుకొనే వెసులుబాటు ఉండేది. ఆ రుసుము వల్ల ఎలాంటి రక్షణా వచ్చేది కాదు. 2024 జులై 1న ఈ వెసులుబాటు రద్దయింది.

7. పరిమితుల విలువ క్షీణత

ఈ వ్యాసం ప్రధానంగా చర్చించదలచిన అంశం ఇది. శాసనసభ ఒక సంఖ్యను చట్టంలో రాసిన తర్వాత అది మళ్ళీ సవరించేవరకు మారదు. వైద్య ఖర్చు, కారు ధర, వేతనం మాత్రం పెరుగుతూనే ఉంటాయి.

కాలిఫోర్నియాలో 15/30/5 పరిమితి 1967 నుంచి 2024 చివరి వరకు కొనసాగింది. ఈ కాలంలో అమెరికా వినియోగదారుల ధరల సూచీ తొమ్మిది రెట్లకు పైగా పెరిగింది. అంటే 1967లో ఒక బాధితునికి హామీ ఇచ్చిన 15,000 డాలర్లకు 2024లో సమానమైన మొత్తం సుమారు 1,40,000 డాలర్లు. 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త పరిమితి 30/60/15. ఇది పాత సంఖ్యకు రెట్టింపు. కాని పాత హామీ విలువలో నాలుగో వంతు కూడా కాదు. అదే చట్టం 2035లో దీనిని 50/100/25కు పెంచుతుంది.

తొలి నిర్బంధ చట్టం చేసిన మసాచుసెట్స్‌లోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. 1927 నాటి 5,000 డాలర్లు 2024 ధరలలో సుమారు 90,000 డాలర్లతో సమానం. 2025 జులై 1 నుంచి అక్కడి కొత్త పరిమితి 25/50/30. దాదాపు వంద సంవత్సరాల సవరణల తర్వాత చట్టం ఇచ్చే వ్యక్తిగత గాయ బాధ్యతా హామీ, మొదటి రోజున ఇచ్చిన దానిలో మూడో వంతుకు లోపే ఉంది. 1971 తర్వాత వచ్చిన వ్యక్తిగత గాయ రక్షణ ఈ లోటును కొంత పూరిస్తున్నా పూర్తిగా పూరించదు.

ఇటీవల పలు రాష్ట్రాలు పరిమితులను సవరించాయి. కొన్ని రాష్ట్రాల స్థితి ఇలా ఉంది:

పెన్సిల్వేనియా: 15/30/5
టెక్సస్: 30/60/25 (2011 నుంచి)
కాలిఫోర్నియా: 30/60/15 (2025 జనవరి 1 నుంచి)
వర్జీనియా: 50/100/25 (2025 జనవరి 1 నుంచి)
నార్త్ కరోలినా: 50/100/50 (2025 జులై 1 నుంచి)
న్యూ జెర్సీ: 35/70/25 (2026 జనవరి 1 నుంచి)

నార్త్ కరోలినాలో ఒకరి కారును ధ్వంసం చేస్తే కనీస పాలసీ 50,000 డాలర్ల వరకు చెల్లిస్తుంది. పెన్సిల్వేనియాలో 5,000 వరకే. ఈ రోజు ఒక సాధారణ కొత్త కారు ముందు భాగం మరమ్మతుకు 5,000 డాలర్లు చాలకపోవచ్చు.

పరిమితులను పెంచడానికి శాసనసభలు వెనుకాడటానికి కారణం ప్రీమియం. పరిమితి పెరిగితే ధర పెరుగుతుంది; ధర పెరిగితే కొందరు బీమానే వదిలేస్తారు. ఈ వాదనలో సత్యం ఉంది. అందుకే కాలిఫోర్నియా 1999లో అల్పాదాయ వర్గాల కోసం తక్కువ పరిమితులతో ప్రత్యేక పాలసీని ప్రవేశపెట్టింది. అయితే బీమా ఖర్చు తగ్గినంత మాత్రాన ప్రమాదపు ఖర్చు తగ్గదు. పాలసీ చెల్లించని మొత్తం బాధితుని ఆరోగ్య బీమాకో, ప్రజాధనంతో నడిచే వైద్య పథకానికో, ఆసుపత్రి బకాయికో, చివరికి బాధిత కుటుంబపు పొదుపుకో బదిలీ అవుతుంది. ఆరోగ్య బీమా లేని కూలివాడు, పాదచారి, సైకిలిస్టు ఈ బదిలీ భారాన్ని అందరికంటె ఎక్కువగా మోస్తారు.

8. భారత చట్టంతో పోలిక, తెలుగు డ్రైవర్ల స్థితి

భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం బహిరంగ ప్రదేశంలో నడిపే వాహనానికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఇది దేశమంతటికీ ఒకటే చట్టం. శ్రీకాకుళంలోనైనా ఆదిలాబాదులోనైనా నిబంధన మారదు. మరణానికి, శారీరక గాయానికి ఈ పాలసీ కింద ముందుగా నిర్ణయించిన డబ్బు పరిమితి లేదు. మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్ వయసు, ఆదాయం, ఆధారపడినవారి సంఖ్య వంటి అంశాలను లెక్కించి నిర్ణయించిన మొత్తాన్ని కంపెనీ చెల్లించవలసి ఉంటుంది. ఈ లెక్కింపులో ఏకరూపత తేవడానికి 2009 నాటి సరళా వర్మ కేసు తీర్పు మార్గదర్శకమైంది. డ్రైవరు లైసెన్సులో లోపాలున్న కొన్ని సందర్భాలలో కూడా కంపెనీ ముందు బాధితునికి చెల్లించి, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోవాలని న్యాయస్థానాలు ఆదేశించాయి.

అంటే నిర్బంధ బీమా బాధితుని కోసమే అన్న సూత్రాన్ని, చట్టరూపంలో, భారతదేశం అమెరికా రాష్ట్రాలకంటె పూర్తిగా అంగీకరించింది. ఆచరణలో ఇక్కడి లోపాలు వేరు: ట్రిబ్యునళ్ళలో జాప్యం, మొదటి సంవత్సరం తర్వాత పాలసీని పునరుద్ధరించని వాహనాలు. ఈ రెండవ లోపాన్ని సరిదిద్దడానికే సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ళ, కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేశారు.

భారతీయ నేపథ్యం నుంచి అమెరికా వెళ్ళే తెలుగువారికి ఈ తేడాయే అపోహకు కారణమవుతుంది. ‘థర్డ్ పార్టీ ఉంటే చాలు, మిగిలినది కంపెనీ చూసుకుంటుంది’ అన్న భావన ఇక్కడి చట్టం నుంచి వచ్చినది. అక్కడ కంపెనీ బాధ్యత పాలసీలో రాసిన సంఖ్య వద్ద ఆగిపోతుంది. కొత్తగా వెళ్ళినవారికి అక్కడి డ్రైవింగ్ చరిత్ర లేకపోవడంతో చాలా కంపెనీలు ఎక్కువ ప్రీమియం అడుగుతాయి. అందువల్ల కనీస పాలసీని ఎంచుకోవడం సహజమే. కాని కనీస పరిమితిని దాటి కొంత పెంచుకోవడానికి అయ్యే అదనపు ప్రీమియం, పెరిగే రక్షణతో పోలిస్తే సాధారణంగా తక్కువ నిష్పత్తిలో ఉంటుంది. జీతం, ఇల్లు, పొదుపు ఉన్నవారికి ఈ పరిశీలన మరింత అవసరం. తీర్పు అమలు కాగల ఆస్తి వారికే ఉంటుంది.

మరి రెండు విషయాలు ఆచరణలో ముఖ్యమైనవి. ఒకే ఇంటిలో ఉంటూ మిత్రుని కారును తరచుగా నడిపే వ్యక్తి పేరు పాలసీలో నమోదు కాకపోతే ప్రమాద సమయంలో వివాదం తలెత్తవచ్చు. అప్పుడప్పుడు అనుమతితో నడపడం, నిత్యం నడపడం కంపెనీ దృష్టిలో ఒకటి కావు. రెండవది, రాష్ట్ర సరిహద్దు దాటినప్పుడు సాధారణ వ్యక్తిగత పాలసీలు తమ పరిమితిని ఆ రాష్ట్రపు కనీస స్థాయికి సరిపడేలా స్వయంగా పెంచుకొనే నిబంధనను కలిగి ఉంటాయి. ఇది ప్రయాణికునికి వర్తిస్తుంది. నివాసం మార్చుకున్నవారు మాత్రం కొత్త రాష్ట్రపు నిబంధనలకు అనుగుణంగా పాలసీని మార్చుకోవాలి.

9. ముగింపు

1925లో రెండు రాష్ట్రాలు వేసిన రెండు దారులు వంద సంవత్సరాలలో అనేక శాఖలుగా విస్తరించాయి. నిర్బంధం దాదాపు సార్వత్రికమైంది. హామీ విలువ మాత్రం అనేక చోట్ల క్షీణించింది. బీమా ఉందా లేదా అన్న ప్రశ్నకు చట్టం కచ్చితమైన సమాధానం కోరుతుంది. ఆ బీమా గాయపడిన మనిషి చికిత్సకు చాలుతుందా అన్న ప్రశ్నను దశాబ్దాలకొకసారి గాని అడగదు.

ఈ లోపానికి పరిష్కారం అసాధ్యమైనది కాదు. పరిమితులను ధరల సూచీతో అనుసంధానించి నిర్ణీత కాలానికొకసారి సవరించడం, అల్పాదాయ వర్గాలకు ప్రీమియంలో ప్రత్యేక సహాయం ఇవ్వడం, బీమా లేని డ్రైవర్ల నుంచి రక్షణను అన్ని పాలసీలలో భాగం చేయడం అనే మూడు చర్యలను కలిపి ఆలోచించవలసి ఉంది. వీటిలో మొదటిదాన్ని మాత్రమే చేపడితే పేద డ్రైవరు బీమాకు దూరమవుతాడు. రెండవదాన్ని మాత్రమే చేపడితే బాధితుడు పరిహారానికి దూరమవుతాడు. భారతదేశపు పరిమితి లేని గాయ బాధ్యతా సూత్రం, అమెరికా రాష్ట్రాలలోని బీమా లేని డ్రైవర్ల రక్షణ అనే రెండు అనుభవాలనూ పక్కపక్కన ఉంచి లోతుగా అధ్యయనం చేయడం ఉభయ దేశాల బాధితులకూ ప్రయోజనకరం. న్యాయశాస్త్ర, అర్థశాస్త్ర విభాగాల పరిశోధకులకు ఇందులో విస్తారమైన అవకాశం ఉంది.